కేస్ షీటు లేని రోగి

అల్ప్రాజోలం పేరు తెలంగాణలో మందుల షాపు మెట్టెక్కని వాళ్లకూ తెలుసు. కల్లులో కలుపుతారు కాబట్టి తెలుసు. చెట్టు కల్లు చాలని చోట నీళ్లు, చక్కెర, శాకరిన్, వాటితో పాటు అల్ప్రాజోలమో డైజిపామో క్లోరల్ హైడ్రేటో కలిపి సీసాల్లో పోస్తారు. ఏళ్ల తరబడి రోజూ అది తాగిన మనిషికి ఒక్కసారిగా ఆగిపోతే చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు, లేనివి కనిపిస్తాయి, ఫిట్స్ వస్తాయి. 2015లో కల్తీ కల్లు మీద దాడులు జరిగినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు ఆసుపత్రులు అలాంటి వాళ్లతో నిండిపోయాయి. 2025 జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి మనుషులు చనిపోయారు. అందుకే ఈ మందు మాటెత్తితే మనం కల్లు దుకాణం వైపే చూస్తాం. అదే మందును తెల్లకోటు జేబులో పెట్టుకుని నేను జనరల్ మెడిసిన్ పీజీ చేశాను.

చదివింది వరంగల్‌లో. ఇక్కడ బోధనాసుపత్రులు ఒకటికి మించి ఉన్నాయి. నాది ఏదో రాయను. నా యూనిట్ పెద్దల పేర్లూ రాయను. నాకు జరిగింది ఆ ఒక్క గోడల మధ్యే జరుగుతుందని ఎవరైనా అనుకుంటే నేను ఇది రాసిన ప్రయోజనమే పోతుంది.

మా యూనిట్ డ్యూటీ రోజు ఇలా ఉండేది. పొద్దున ఓపీ. మధ్యాహ్నం నుంచి అడ్మిషన్లు. రాత్రంతా క్యాజువాలిటీ నుంచి పిలుపులు. తెల్లారి సార్ రౌండ్స్‌కు వచ్చేసరికి వచ్చిన ప్రతి కేసుకూ రిపోర్టులు చేతిలో ఉండాలి. రౌండ్స్ తర్వాత డిశ్చార్జీలు, ఆరోగ్యశ్రీ కాగితాలు, స్కాన్ దగ్గర బతిమిలాటలు. హాస్టల్ మెట్లెక్కేటప్పటికి మళ్లీ సాయంత్రం అయ్యేది. ముప్పై ఆరు గంటల డ్యూటీ అని మేం మామూలుగా చెప్పుకునేవాళ్లం, బస్సు టైము చెప్పుకున్నట్టు.

శరీరం అలసిపోవడం పెద్ద విషయం కాదు. వరంగల్‌లో మెడిసిన్ చదివిన వాళ్లకు తెలిసిన కేసు ఒకటుంది, గడ్డి మందు. పారాక్వాట్. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ వైపు నుంచి రైతులు, రైతుల భార్యలు, పరీక్ష తప్పిన పిల్లలు ఆటోల్లో, 108లో వచ్చేవారు. పురుగుమందు తాగిన వాళ్లలో చాలామంది స్పృహ లేకుండా వస్తారు. గడ్డి మందు తాగినవాళ్లు మాట్లాడుతూ వస్తారు. నడిచి వస్తారు. నోట్లో పుండ్లు తప్ప మొదటిరోజు పెద్దగా ఏమీ కనిపించదు. తర్వాత కిడ్నీలు, ఆ తర్వాత ఊపిరితిత్తులు గట్టిపడతాయి. దీనికి విరుగుడు లేదు. ఆక్సిజన్ ముందే పెడితే ఊపిరితిత్తులు ఇంకా త్వరగా చెడతాయి కాబట్టి, ఆయాసపడుతున్న మనిషి పక్కన సిలిండర్ పెట్టుకుని కూడా ఆగాలి. పంతొమ్మిదేళ్ల పిల్లవాడు నా చెయ్యి పట్టుకుని “నేను బతుకుతనా మేడం, కోపంల తాగిన, నాకు బతకాలనే ఉన్నది” అన్నాడు. వాళ్ల నాయిన కాళ్ల దగ్గర నిలబడి నా ముఖం చూస్తున్నాడు. జవాబు చెప్పాల్సిన నా వయసు అప్పుడు ఇరవై ఏడు.

ఆ పిల్లవాడు పోయిన రోజు డ్యూటీ దిగి మంచం మీద పడుకున్నాను. కళ్లు మూతలు పడ్డాయి కానీ నిద్ర రాలేదు. నిద్ర లేకుండా మళ్లీ డ్యూటీ. ఆ డ్యూటీ దిగాకా అదే. ఒక సీనియర్ అక్క నా అవస్థ చూసి, అల్ప్రాజోలం చేతిలో పెట్టి “సగం గోలీ వేసుకో, రేపటికి మనిషివైతవు” అంది. ఆమె మీద నాకు కోపం లేదు. ఆమెకూ ఎవరో అలాగే ప్రేమతో ఇచ్చి ఉంటారు. ఆ రాత్రి పడుకున్నట్టు నేను ఏడాదిలో ఎప్పుడూ పడుకోలేదు.

ఈ తరహా మందులు మొదట్లో మాట నిలబెట్టుకుంటాయి. అందుకే ప్రమాదం. కొన్ని వారాలకు మెదడు వాటికి అలవాటు పడుతుంది. సగం చాలదు. ఒకటి కావాలి. అల్ప్రాజోలం ఒంట్లో సగానికి తగ్గడానికి సుమారు పదకొండు గంటలు పడుతుంది. కాబట్టి రాత్రి వేసుకున్న మందు మధ్యాహ్నానికి దిగుతూ ఉంటుంది. అప్పుడు గుండె దడ, చెమట, కారణం లేని భయం. వైద్య భాషలో ఇది తెలిసిన విషయమే. నేను మాత్రం ఆ భయానికి కారణం నా చుట్టూనే వెతుక్కున్నాను. థీసిస్ ఆలస్యమైందని, రౌండ్స్‌లో తిట్లు పడతాయని, నాకు ఈ చదువు చేతకాదని. మధ్యాహ్నం దడకు మధ్యాహ్నమే ఇంకో గోలీ. దాంతో వచ్చే మబ్బు వదలడానికి మేలుకొని ఉంచే మందు, మొడాఫినిల్. అది వేసుకుంటే రాత్రి నిద్ర రాదు కాబట్టి మళ్లీ మొదటిది. హాస్టల్‌లో నేను ఒక్కదాన్నే ఇలా ఉన్నానని అనుకోను. మా మధ్య ఈ మాటలు దాచుకునేవి కావు. ఒకరు నిద్రకు వేసుకునేవారు, ఒకరు పరీక్షకు, ఇంకొకరు నడుం నొప్పికని మొదలుపెట్టి ట్రమడాల్‌కు అలవాటు పడ్డారు. ఎవరమూ ఎవరినీ రోగి అనుకోలేదు.

అల్ప్రాజోలం, డైజిపామ్, జోల్పిడెమ్, ట్రమడాల్ అన్నీ 2014 మార్చి నుంచి షెడ్యూల్ హెచ్1 కింద ఉన్నాయి. అమ్మినప్పుడల్లా షాపువాళ్లు డాక్టరు పేరు, రోగి పేరు వేరే రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు దాచాలి. అల్ప్రాజోలం, డైజిపామ్ మత్తుపదార్థాల చట్టం (ఎన్‌డీపీఎస్) జాబితాలోనూ ఉన్నాయి. కాగితం మీద కట్టుదిట్టంగానే ఉంది. కానీ ఆ రిజిస్టర్ బయటి మనిషిని దృష్టిలో పెట్టుకుని తయారైంది. చీటీ రాసే చెయ్యి, గోలీ అందుకునే చెయ్యి ఒకటే అయినప్పుడు మధ్యలో “ఎందుకు వాడుతున్నవ్?” అని అడిగే మనిషి ఉండడు.

రాత్రి నేను రాసిన నోట్స్ పొద్దున కేస్ షీట్లలో నా చేతిరాతతోనే ఉండేవి. రాసినట్టు గుర్తుండేది కాదు. రోగులకు నావల్ల హాని జరగలేదంటే అది వార్డు సిస్టర్ల చలవ. నేను నోటితో చెప్పిన ప్రతి ఆర్డరునూ వాళ్లు తిరిగి చదివి వినిపించేవాళ్లు. పొటాషియం పేరు వస్తే మరోసారి అడిగేవాళ్లు. వాళ్ల పట్టుదలకు అప్పట్లో విసుక్కునేదాన్ని. ఈ రోజు వాళ్ల కాళ్లకు దండం పెట్టమన్నా పెడతాను.

ఒక అవ్వ వచ్చింది. పరకాల వైపు పల్లె. పత్తి ఏరడానికి పోయే మనిషి. సాయంత్రం కల్లు తాగకపోతే నిద్ర పట్టదు. ఊళ్లో ఎక్సైజ్ వాళ్లు దుకాణం మూయించారు. రెండు రోజులకు చేతుల వణుకు మొదలై, దుప్పటి మీద చీమలు పాకుతున్నాయని దులుపుకుంటూ, ఫిట్స్ వచ్చి మా వార్డుకు చేరింది. మరుసటి పొద్దున రౌండ్స్‌లో సార్ ఆమె మంచం దగ్గర ఆగి నన్ను అడిగారు, ఈమెకు మందు ఎలా తగ్గిస్తావని. చెప్పాను. ఒక్కసారిగా ఆపకూడదు. తక్కువసేపు పనిచేసే మందును ఎక్కువసేపు పనిచేసే డైజిపామ్‌కో క్లోర్‌డయజెపాక్సైడ్‌కో మార్చాలి. తర్వాత మెల్లగా, రోగి తట్టుకున్నంత వేగంతోనే తగ్గించాలి. సార్ “గుడ్” అన్నారు. నా కోటు లోపల వీపంతా చెమట. అది నా మధ్యాహ్నపు గోలీ వేళ.

ఆ అవ్వకు మంచం దొరికింది. తలాపున కేస్ షీటు వేలాడింది. ఆమెకు ఏమైందో అందులో రాసి ఉంది. ఆమె కొడుకు పక్కనే కూర్చుని జావ తాగించాడు. ఎవరూ ఆమెను తిట్టలేదు. పది రోజుల్లో కుదుటపడి, “బిడ్డా, నీ చేతులు గూడ వణుకుతున్నయేంది? సరిగ తింటలెవ్వా?” అని అడిగింది. మొత్తం ఆసుపత్రిలో నన్ను ఆ మాట అడిగింది ఆమె ఒక్కతే.

2023 ఫిబ్రవరిలో ఈ నగరంలోనే చదువుతున్న ఒక పీజీ విద్యార్థిని మరణం రాష్ట్రమంతటినీ కదిలించింది. ఆమె కుటుంబం దుఃఖం గురించి మాట్లాడే హక్కు నాకు లేదు. అప్పటి నుంచి మా అమ్మ రోజూ రాత్రి ఫోన్ చేసేది. “మంచిగున్నవా బిడ్డా? ఎవలన్న ఏమన్న అంటున్నరా?” అనేది. నన్ను ఎవరూ ఏమీ అనడం లేదు. అది నిజం. ఆ నిజం చెప్పి ఫోన్ పెట్టేసేదాన్ని. 2024 ఆగస్టులో కోల్‌కతాలో, సుదీర్ఘమైన డ్యూటీ మధ్య సెమినార్ హాల్లో నడుం వాల్చిన ట్రైనీ డాక్టరు హత్యకు గురైనప్పుడు జూనియర్ డాక్టర్లందరితో పాటు నేనూ రోడ్డు మీద కూర్చున్నాను. భద్రత కావాలని నినాదాలిచ్చాం. ఆమె గురించి ఏడ్చాను. ఆమె అన్ని గంటలు ఎందుకు మేలుకొని ఉండాల్సి వచ్చిందో కూడా అడిగి ఉంటే బాగుండునని ఇప్పుడు అనిపిస్తోంది.

ఆ ఏడాది సద్దుల బతుకమ్మకు సెలవు దొరికింది. ఇంట్లో ఉన్న నాలుగు రోజులూ గోలీ ముట్టనని నిశ్చయించుకుని, ఒక్కటి కూడా వెంట తెచ్చుకోలేదు. అవ్వ మంచం దగ్గర అప్పజెప్పిన పాఠం నాకు నేను చెప్పుకోలేదు. మొదటి రాత్రి నిద్ర లేదు. రెండోరోజుకు ప్లేట్ల చప్పుడు చెవుల్లో గుచ్చుకుంది, దవడలు బిగుసుకున్నాయి, తంగేడు పువ్వు పసుపు కూడా కళ్లకు మంటగా తోచింది. సాయంత్రం బతుకమ్మ పేరుస్తున్న అమ్మ పక్కన కూర్చుని గునుగు పువ్వు అందిస్తున్నానట. తర్వాతిది నాకు తెలియదు. వాళ్లు చెప్పిందే. కళ్లు పైకి పోయాయి, చేతులూ కాళ్లూ కొట్టుకున్నాయి, నాలుక తెగింది. బాపు నన్ను చేతుల మీద వేసుకుని కారెక్కించాడు.

హన్మకొండలో ఒక ప్రైవేటు ఆసుపత్రి. స్కాన్‌లో ఏమీ లేదు. “ఏమైనా మందులు వాడుతున్నవా?” అన్నారు. లేదన్నాను. పక్కన అమ్మ ఉంది, పెద్దమ్మ ఉంది, తాళాలు వేయకుండానే పండుగ చీరలతో వచ్చిన వాడకట్టు ఆడవాళ్లున్నారు. కారిడార్‌లో అప్పుడే “మూర్ఛ అని బయటికి తెలిస్తే సంబంధాలు వస్తయా?” అనే మాట నడుస్తోంది. ఎవరికో దిష్టి గుర్తొచ్చింది. వాళ్లంతా నన్ను ప్రేమించేవాళ్లే. వాళ్ల మధ్య మూర్ఛ అన్న మాట కంటే నా నిజం ఇంకా పెద్దది.

రాత్రి మళ్లీ వణుకు మొదలైంది. నైట్ డ్యూటీలో ఉన్న చిన్న డాక్టరు, నాకంటే జూనియరే అయి ఉంటాడు, అందరినీ బయటికి పంపి తలుపు దగ్గరగా వేసి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. “మేడం, మీరు పీజీ కదా. అల్ప్రాజోలమా, క్లోనజెపామా?” అన్నాడు. అడిగిన తీరులో ఆశ్చర్యం లేదు, జాలి లేదు. జ్వరం ఎన్ని రోజుల నుంచి అన్నట్టుగానే అడిగాడు. చెప్పేశాను. ఎంత, ఎప్పటి నుంచి, ఇంకా ఏవేవి, అన్నీ. అతను రాసుకున్నాడు. అలా నా పేరు మీద ఒక కేస్ షీటు తెరుచుకుంది.

మరునాడు వచ్చిన సైకియాట్రిస్ట్ మేడంను నేను మొదట అడిగింది ఆరోగ్యం గురించి కాదు. “నా రిజిస్ట్రేషన్ పోతుందా? కాలేజీకి తెలుస్తదా?” అని. ఆమె 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గురించి చెప్పింది. దాని 23వ సెక్షన్ ప్రకారం రోగికి గోప్యత హక్కు ఉంది. చట్టం చెప్పిన కొన్ని సందర్భాల్లో తప్ప వైద్యం చేసేవాళ్లు వివరాలు బయటపెట్టకూడదు. ఎన్‌డీపీఎస్ చట్టంలో కూడా, తనంత తానుగా చికిత్సకు వచ్చిన వ్యసనపరుడికి కొన్ని షరతులతో ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇచ్చే 64ఎ సెక్షన్ ఉంది. వైద్య విద్య తొమ్మిదేళ్లు చదివిన నాకు ఈ రెండూ తెలియవు. మాకు ఫోరెన్సిక్‌లో చట్టాలు చెబుతారు. అవి రోగుల గురించి అనుకుని చదువుతాం.

తర్వాత తగ్గించడం. దీని గురించి ఉన్నది ఉన్నట్టు రాయాలి, ఎందుకంటే ఎవరైనా దీన్ని చదివి రేపు పొద్దున ఒక్కసారిగా ఆపేస్తే నాకు జరిగిందే జరుగుతుంది. ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌లో హెదర్ ఆష్టన్ అనే వైద్యురాలు 1982 నుంచి 1994 దాకా ఈ తరహా మందులు మానేవాళ్ల కోసమే క్లినిక్ నడిపింది. ఎక్కువసేపు పనిచేసే మందుకు మారి, నెలల తరబడి కొంచెం కొంచెంగా తగ్గించే పద్ధతిని ఆమె వివరంగా రాసి పెట్టింది. మా మేడం నన్ను ఆ దారిలోనే నడిపించింది. మందు ఆమె దగ్గర, తర్వాత అమ్మ దగ్గర. నా చేతికి ఒక రోజుది మాత్రమే. డైజిపామ్ కొంచెం తగ్గించినప్పుడల్లా ఒక వారం నరకం. కాళ్లలో ఏదో పాకుతుంది. తెల్లవారుజామున మూడింటికి మెలకువ, ఇక నిద్ర లేదు. చనిపోయిన రోగులంతా కలల్లోకి వస్తారు, మందు అణచిపెట్టిన దుఃఖమంతా ఒకేసారి వచ్చినట్టు. గడ్డి మందు పిల్లవాడి కోసం నేను అప్పుడు ఏడ్చాను, అతను పోయిన ఏడాదిన్నరకు. రెండో వారం కొంచెం తేలిక. మూడో వారం మళ్లీ తగ్గింపు.

బాపు పొద్దున్నే లేపి భద్రకాళి చెరువు వైపు నడిపించేవాడు. ఆ ఏడాది చెరువు ఖాళీ చేశారు, పూడిక తీయడానికి. ఆయన సింగరేణిలో పనిచేసి రిటైరైన మనిషి. నైట్ షిఫ్ట్ అంటే ఏమిటో నాకంటే ఎక్కువ తెలుసు. ఒకరోజు అడిగాడు. “బాయిల మేం ఎనిమిది గంటలు చేసి పైకొస్తుంటిమి. అంతకు మించి చేయిస్తే యూనియనోళ్లు ఊకోకపోతుండె. ఎనిమిది దాటితే కన్ను సోలి మనిషి సస్తడని అందరికి ఎరుకే. మనుషుల పానాలు చేతిల పెట్టుకున్న మీకు అది లేదా బిడ్డా?”

ఉంది బాపూ. 1992లో కేంద్రం ఇచ్చిన రెసిడెన్సీ స్కీమ్ ఆదేశంలో, మామూలుగా ఏకధాటి డ్యూటీ పన్నెండు గంటలు, వారం మొత్తం డ్యూటీ 48 గంటలు మించకూడదని రాసి ఉంది. పని అవసరాన్ని బట్టి గంటలు మార్చుకోవచ్చన్న ఒక్క వెసులుబాటులో అదంతా కొట్టుకుపోయింది. 2023లో జాతీయ వైద్య కమిషన్ తెచ్చిన పీజీ నిబంధనలు గంటలు చెప్పకుండా సహేతుకమైన పనివేళలు, సహేతుకమైన విశ్రాంతి అన్నాయి. సహేతుకం అంటే ఎంతో డ్యూటీ చార్టు వేసేవాళ్లే నిర్ణయిస్తారు. 2024లో అదే కమిషన్ నియమించిన టాస్క్‌ఫోర్స్, నిమ్హాన్స్ ప్రొఫెసర్ సురేశ్ బడ మఠ్ అధ్యక్షతన, వైద్య విద్యార్థుల మానసిక ఆరోగ్యం మీద నివేదిక ఇచ్చింది. ఐదు వేలకు పైగా పీజీలు జవాబులిచ్చారు. వాళ్లలో 15.3 శాతం మంది తమకు మానసిక సమస్య నిర్ధారణ అయిందని చెప్పారు. 31 శాతం మందికి చనిపోవాలన్న ఆలోచన వచ్చింది. వారానికి 74 గంటలు దాటవద్దని ఆ నివేదిక సిఫారసు చేసింది. నేను మొదటిసారి అది చదివినప్పుడు 74 గంటలు నాకు సెలవులా కనిపించాయి.

ఇంట్లో ఉన్న ఆ నెలల్లో విలియం హాల్‌స్టెడ్ జీవితం చదివాను. అమెరికాలో 1889లో తెరిచిన జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో, ఆసుపత్రిలోనే ఉండిపోయి రాత్రింబవళ్లు నేర్చుకునే సర్జరీ రెసిడెన్సీ పద్ధతిని నిలబెట్టినవాడు. మనం ఇప్పుడు పీజీ అంటున్నదానికి మూలం అదే. 1884లో కొకైన్‌తో మత్తు ఇవ్వడం ఎలాగో తెలుసుకోవడానికి తన మీదే ప్రయోగాలు చేసుకుని దానికి బానిసయ్యాడు. ఆసుపత్రిలో చేరితే కొకైన్ మాన్పించడానికి మార్ఫిన్ ఇచ్చారు. మార్ఫిన్ ఆయనను వదల్లేదు. స్నేహితుడైన విలియం ఆస్లర్ ఆ సంగతి రాసి మూసిపెట్టిన కాగితాలు 1969 దాకా బయటికి రాలేదు. ఆయన చేసిన గొప్ప ఆపరేషన్లు మేం చదువుకున్నాం. ఆయన రోగి అని ఏ పాఠంలోనూ లేదు. అప్పుడూ డాక్టరు రోగి కావడానికి దారి లేదు.

తిరిగి చేరేటప్పుడు మెడికల్ సర్టిఫికెట్ ఇచ్చాను. అందులో ఉన్నది ఉన్నట్టే రాయమని మేడంను నేనే అడిగాను. హెచ్‌ఓడీ చదివి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత “నైట్ డ్యూటీలు మూడు నెలలు వద్దు” అని చార్టు మార్చారు. ఆ నైట్లు నా బ్యాచ్‌మేట్ల మీద పడ్డాయి. నన్ను కాపాడటానికి ఇంకొకరి నిద్ర తీయడం తప్ప ఆయన చేతిలో ఇంకేమీ లేదు. అది ఆయన తప్పు కాదు. మంజూరైన పోస్టులు, ఉన్న మనుషులు, వచ్చే రోగులు, ఈ మూడూ లెక్క కుదరనంత కాలం ఎంత మంచి హెచ్‌ఓడీ అయినా అంతే చేయగలడు. బోధనాసుపత్రులన్నిట్లో డాక్టర్లను చూసే వేరే ఓపీ, ఆ సంస్థతో సంబంధం లేని సైకియాట్రిస్ట్, చికిత్స సెలవు హాజరుకు అడ్డం కాదన్న రాతపూర్వక మాట ఉండాలని నేను అడుగుతున్నాను. మా తెలంగాణ వైద్య కాలేజీల్లో ఎక్కువ వాటికి ఒకటే విశ్వవిద్యాలయం, కాళోజీ పేరు మీద, అదీ ఈ వరంగల్‌లోనే ఉంది. ఒక ఉత్తర్వు ఇస్తే వాటన్నిటికీ వర్తిస్తుంది. అంతవరకు టెలిమానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416 ఉంది. రాత్రి రెండింటికి కూడా తెలుగులో మాట్లాడతారు. అందరు డాక్టర్లకూ ఆ నంబరు తెలుసు, రోగులకు రాసి ఇస్తాం కాబట్టి.

నేను ఇప్పుడు ఏ గోలీ లేకుండా నిద్రపోతున్నాను. అన్ని రాత్రులూ కాదు. పరీక్ష పాసయ్యాను. మొన్న ఒక ఫస్టియర్ పీజీ నా గదికి వచ్చి తలుపు వేసి, “అక్కా, నువ్వు మానేసినవంట కదా, ఎట్ల మానేసినవ్?” అని అడిగాడు. ఒంటరిగా ఆపొద్దని చెప్పి, పొద్దున్నే మేడం దగ్గరికి తీసుకెళ్లాను. ఆమె కనీసం మూడు వారాల సెలవు రాసింది. ఆ దరఖాస్తు ఇచ్చి పది రోజులైంది, ఇంకా సంతకం కాలేదు. ఈ రాత్రి కూడా అతనికి క్యాజువాలిటీ డ్యూటీ ఉంది.